పట్టికలో ఆఖరి వరుస

నిమ్మకాయల మీద నాకు ఏ పగా లేదు. ఎండాకాలం మజ్జిగలో పిండుకుంటే ప్రాణం లేచివస్తుంది. కానీ యుద్ధనౌకకు చూపునిచ్చే కంప్యూటర్ల బీరువా మీద, పసుపు దారానికి మిరపకాయలతో కలిపి గుచ్చిన నిమ్మకాయ వేలాడుతుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఇప్పటికీ మండుతుంది. ఆ మంట గురించే రాద్దామని ఈ కాగితం ముందేసుకున్నాను. రాయబోతే సంగతి వేరే చోటికి పోతోంది. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన మీలాంటి వాళ్ళు కాస్త ఓపికపట్టి చదవండి. ఇందులో నేను గెలిచిన వాదం ఒకటుంది. దానివల్ల ఎవరికీ ఏ మేలూ జరగలేదు.

మాది రొద్దం దగ్గర పల్లె. నాయన గొర్రెలు కాచేవాడు. వాన కోసం ఆకాశం చూసే ఊళ్ళో పుట్టి, చుట్టూ నీళ్ళు తప్ప ఏమీ కనిపించని ఉద్యోగంలో చేరాను. ఇరవై రెండేళ్ళు నావికాదళంలో రాడార్ తెరల ముందు కూర్చున్నాను. రిటైరై హిందూపురం వచ్చాక నాకు రెండే వ్యాపకాలు. ఒకటి, ఆదివారం మా హేతువాద మిత్రుల సమావేశం. రెండోది, సమావేశానికి రాని వాళ్ళతో మిగిలిన ఆరు రోజులూ వాదన. ఇలా ఉండగా పెనుకొండ దగ్గర హైవే పక్కనున్న ఒక ప్రైవేటు కంపెనీ నన్ను సలహాదారుగా రమ్మంది. ఓడల రాడార్లకు ప్రోగ్రాములు రాసే కంపెనీ అది.

పని ఏమిటో నాలుగు మాటల్లో చెబుతాను. మా కాలంలో ఓడ మీద రెండు మూడు రాడార్లు ఉండేవి. ఒకటి గిర్రున తిరుగుతూ నలుదిక్కులా వెతికేది. ఇంకొకటి, దొరికిన దాన్ని పట్టుకుని వదలకుండా చూసేది. ఇప్పుడు వస్తున్నవి తిరగవు. గోడకు బిగించిన పలకల్లా ఉంటాయి. వాటి కిరణం కనురెప్ప వేసేలోపు తూర్పు నుంచి పడమరకు దూకుతుంది. వెతకడం, వెంటాడటం, మన క్షిపణికి దారి చూపడం, అన్నీ ఆ ఒక్కటే చేస్తుంది. చిక్కల్లా కాలంతోనే. ఒక సెకనులో అది చేయగలిగిన పని ఇంతే అని ఉంటుంది. అడిగేవాళ్ళు అంతకంటే ఎక్కువ. ఎవరికి ముందు, ఎవరికి తర్వాత అని ఒక ప్రోగ్రాం నిర్ణయిస్తుంది. ఆ ప్రోగ్రాం ఒక పట్టికను చూసి నడుచుకుంటుంది. ఆ పట్టిక రాసింది నేను.

ఏడు వరుసలు. మన క్షిపణికి దారి చూపే పని మొదటి వరుసలో. మన మీదికి వస్తున్న దాన్ని వెంటాడే పని రెండో వరుసలో. అలా దిగుతూ పోతే ఆఖరి వరుసలో ఖాళీ దిక్కులను వెతికే పని. చేతిలో ఉన్నదాన్ని వదిలిపెట్టి, ఉందో లేదో తెలియని దాని కోసం వెతకడం తెలివైన పని కాదని నా లెక్క. ఆ పట్టిక చూసి మేనేజర్ చాలా సంతోషపడ్డాడు. "అనుభవం అంటే ఇది సార్" అన్నాడు. నేను కాదనలేదు.

మేనేజర్ అనంతపురం వైపు మనిషి. బెంగళూరులో చదువుకున్నాడు. చెడ్డవాడు కాదు. నలభై పేజీల ఇంగ్లీషు డాక్యుమెంటులో కామా తప్పు పట్టగలిగిన వాడు, పంచాంగం చూడకుండా ప్రింటర్ కూడా కొనడు. ఆయన ఎక్కడ పసుపు పూస్తే అక్కడ తుడిచేవాడు మా టెక్నీషియన్. కరెంటూ కేబుళ్ళూ చూసుకునే ఆ పెద్దమనిషి హిందూపురం ముస్లిం కుటుంబంవాడు. రోజూ కంపెనీ బస్సులో నా పక్కన కూర్చునేవాడు. నా మాటలకు నవ్వని మనిషి ఆ కంపెనీలో ఆయనొక్కడే. నా మాటలన్నీ ఆయన ముందే బస్సులో వినేసి ఉండేవాడు.

నా పట్టికను ప్రోగ్రాంగా మార్చిన ఇంజనీరు ధర్మవరం అమ్మాయి. తండ్రి అక్కడి రైల్వే స్టేషన్లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. చూపు తగ్గడంతో తల్లి మగ్గం దిగేసింది. ఇంటి పని ఈ అమ్మాయి మీదే. బెంగళూరు పోయి హాస్టల్లో ఉండి ఉద్యోగం చేసే వీలు లేదు. రోజూ ధర్మవరం నుంచి పెనుకొండకు ప్యాసింజర్ బండిలో వచ్చి పోయేది. ఆమెది ఒక సంవత్సరం కాంట్రాక్టు. నావికాదళం వాళ్ళు వచ్చి ప్రోగ్రాంను పరీక్షించిన తర్వాత, ఈమెను ఉంచుకోవాలా వద్దా అని మేనేజర్ హెడ్డాఫీసుకు రాయాలి. ఈ చుట్టుపక్కల ఆ చదువుకు తగిన పని ఇంకెక్కడా లేదు. ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీలో ఆమె చిన్నాన్న కూతురు లైను మీద బోల్టులు బిగిస్తోంది. ఆ అమ్మాయి కూడా ఇంజనీరే.

పరీక్షకు రెండు వారాల ముందు ఒక రోజు ఆమె గంట ఆలస్యంగా వచ్చింది. అది ఆ వారంలో మూడోసారి. క్రమశిక్షణ గురించి మాట్లాడే అవకాశం దొరికితే పాత నావికుడు వదులుకోడు.

"ఏమ్మా, యాడుండావు ఇంతసేపు?"

"బండిని లూపులో, పక్క లైన్లో పెట్టినారు సార్. రెండు ఎక్స్‌ప్రెస్‌లు పోయినాయి. పోతాం అనుకుంటే గూడ్స్ వచ్చింది. అది పోయినాక ఇంగొక ఎక్స్‌ప్రెస్."

"ముందు బండికి రావాల."

"దీనికంటే ముందు బండి లేదు సార్."

నేను ఇంకా ఏదో అనబోయాను. ఆమె సంచిలోంచి ఒక కాగితం తీసి నా బల్ల మీద పెట్టింది.

"సార్, మన పట్టికలో ఆఖరి వరుస గూడా ఇట్లే లూపులో నిలబడిపోతాండాది. తూర్పున టార్గెట్లు ఎక్కువైతే పడమర దిక్కుకు వంతే రాదు. నలభై సెకన్లు ఆపక్క చూసేటోళ్ళే ల్యా. ఒగసారి పూర్తి లోడుతో నడిపి చూద్దాం సార్."

"అన్ని టార్గెట్లు ఒకేసారి యాడొస్తాయమ్మా?"

"వస్తే?"

"వస్తే ముందు వచ్చినవాటిని చూసుకోవాల. అదే కదా పట్టిక."

"మా నాయన చెప్తాడు సార్. ప్యాసింజరును మరీ ఎక్కువసేపు నిలబెడితే, కంట్రోల్ వాళ్ళు ఇంగ ఆగరంట. ఎక్స్‌ప్రెస్‌ను వెనక ఆపి దీన్ని వదుల్తారంట. మనం గూడా అట్ల చేస్తే? ఎంతసేపు నిలబడితే అంత వరుస పైకి రావాల. నేను ప్రోగ్రాం రాసి పెట్టినా."

నేను నవ్వాను. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొస్తే నాకే చిరాకు.

"ఇది ఓడమ్మా, ప్యాసింజర్ బండి కాదు. నేను సముద్రం మీద ఇరవై రెండేండ్లు చేసినా ఈ పని. నువ్వు సముద్రం చూసినావా?"

"లేదు సార్," అంది. "లెక్క చూసినా."

కాగితం తీసుకుని పోయింది. ఆ మాటలోని పొగరు గురించి సాయంత్రం బస్సులో టెక్నీషియన్‌కు పెనుకొండ నుంచి హిందూపురం దాకా చెప్పాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

పరీక్ష శుక్రవారం పడింది. శుక్రవారం రాహుకాలం పదిన్నరకు మొదలవుతుంది. కాబట్టి తొమ్మిదింటికి పూజ, పది ఇరవైకి పరీక్ష మొదలు అని మేనేజర్ ఈమెయిల్ పెట్టాడు. ఆ తొమ్మిది గంటలప్పుడు, ఆమె మొండిపట్టు పట్టిన పూర్తి లోడు పరీక్ష జరగాల్సి ఉంది. ఆమె నా మాట వినకుండా మేనేజర్ దగ్గరికి పోయి ఒప్పించుకుంది. పూజ కోసం అది రద్దయింది. ఆ రద్దు మీద నేను గొడవ చేయలేదు. పూజ మీద చేశాను. తేడా గమనించండి.

ఆ ఉదయం బీరువాకు మామిడాకులు కట్టారు. కీబోర్డుకు కుంకుమబొట్టు. గుమ్మంలో టెంకాయ కొట్టబోతుంటే టెక్నీషియన్ అడ్డం వచ్చాడు.

"సార్, కొంచెం అవతల కొట్టండి సార్. నీళ్ళు పోయి యూపీఎస్‌లో పడితే రాహువుతో పనే లేదు, కరెంటే అన్నీ చూసుకుంటాది."

మేనేజర్ నవ్వుతూనే అవతలికి జరిగాడు. నావికాదళం అధికారులు ముగ్గురు వచ్చి కూర్చున్నారు. వాళ్ళలో పెద్దాయన విశాఖ వైపు మనిషి, తెలుగు బాగా వచ్చు. పది ఇరవై అయింది. అమ్మాయి రాలేదు. ప్రోగ్రాంను ఎక్కించే పాస్‌వర్డు ఆమె దగ్గరే ఉంది. మేనేజర్ గడియారం చూస్తున్నాడు, నేను మేనేజర్‌ను చూస్తున్నాను. పది ముప్పై రెండుకు ఆమె ఆటో దిగి పరుగెత్తుకుంటూ వచ్చింది. చున్నీతో ముఖం తుడుచుకుంటూ, "లూపు సార్" అంది. నేరుగా పోయి పాస్‌వర్డు కొట్టింది. పరీక్ష మొదలయ్యేసరికి పది ముప్పై ఆరు.

మా హాల్లో సముద్రం ఉండదు. ఓడా ఉండదు. కంప్యూటరే ఒక సముద్రాన్ని తయారుచేస్తుంది, అందులోకి విమానాలనూ క్షిపణులనూ వదులుతుంది. అన్నాళ్ళూ ఏవి ఎప్పుడు వదలాలో మేమే రాసుకుని, మేమే పట్టుకుని, మేమే చప్పట్లు కొట్టుకున్నాం. ఆ రోజు మాత్రం అధికారులు తమ జాబితా తెచ్చుకున్నారు.

తూర్పున ఒకటి లేచింది. రాడార్ పట్టుకుంది. ఇంకొకటి, ఇంకొకటి. లెక్క పన్నెండు దాకా పోయింది. ఒక్కటీ జారలేదు. నా పట్టిక గడియారంలా నడిచింది. నేను కుర్చీలో వెనక్కి వాలి, మేనేజర్ వైపు చూసి, 'రాహుకాలంలోనే కదా' అన్నట్టు కనుబొమలు ఎగరేశాను.

పెద్దాయన చెయ్యెత్తాడు.

"ఆపండి. అయిపోయింది."

"ఏం అయిపోయింది సార్?" అన్నాడు మేనేజర్.

"ఓడ అయిపోయింది. పడమర నుంచి ఒకటి నీళ్ళకు ఆనుకుని వచ్చింది. ముప్పై ఎనిమిది సెకన్లుగా మీ రాడార్ పడమర చూడలేదు. ఈ ఓడలో మూడు వందల మంది ఉంటారు." గొంతు పెంచకుండా చెప్పాడు. కాగితం మీద ఏదో రాసుకున్నాడు. తెర మీద పడమర దిక్కు ఇంకా శుభ్రంగా, ఖాళీగా ఉంది.

అధికారులను మేనేజర్ భోజనానికి హైవే మీది కొరియా హోటలుకు పంపించి నన్నూ, అమ్మాయినీ, టెక్నీషియన్‌నూ తన గదిలోకి పిలిచాడు. తలుపు వేయకముందే మొదలుపెట్టాడు.

"నేను చెప్పినా. పదిన్నర దాటితే వద్దని చెప్పినా. ఎవురన్నా విన్నారా?"

ఇక నన్ను ఎవరాపుతారు? ఆదివారం సభల్లో నేర్చుకున్న విద్యంతా బయటికి తీశాను. శత్రువుకు శుక్రవారం లేదా అని అడిగాను. రాహుకాలం సూర్యోదయాన్ని బట్టి మారేదైతే, ఓడ తూర్పుకు పోయేకొద్దీ అది వెనక్కి పోతుందా ముందుకొస్తుందా చెప్పమన్నాను. ఈ దేశంలో శుక్రవారం పదిన్నర తర్వాత జరిగిన కాన్పులూ, పాసైన పరీక్షలూ, టైముకు చేరిన బస్సులూ లెక్కపెట్టి తెమ్మన్నాను. మధ్యలో ఆయన, "మీరు నమ్మకుంటే మానుకోండి సార్, నేను చెప్పింది జరిగిందా లేదా?" అన్నాడు. ఆ ఒక్క ప్రశ్న మీద ఇంకో పావుగంట మాట్లాడాను. చివరికి ఆయన రెండు చేతులూ ఎత్తి, "సరే సార్, రాహుకాలం కాదు. ఒప్పుకుంటా" అన్నాడు. జీవితంలో అంత స్పష్టంగా ఎదుటివాడు ఓడిపోవడం నేను ఎప్పుడూ చూడలేదు.

తర్వాత ఆయన కంప్యూటర్ తెర మా వైపు తిప్పాడు. హెడ్డాఫీసుకు పంపబోయే ఈమెయిల్ ముందే రాసి పెట్టుకున్నాడు. అందులో రాహుకాలం అన్న మాటే లేదు. 'ప్రోగ్రాం బాధ్యురాలు ఆలస్యంగా వచ్చినందున పరీక్షకు ముందు సరిచూసుకోవడం వీలుపడలేదు. ఈమె కాంట్రాక్టు పొడిగించవలసిన అవసరం లేదు.' అంతే ఉంది.

మూడింటికి అధికారులతో మాట్లాడి దాన్ని హెడ్డాఫీసుకు పంపిస్తానన్నాడు. నేను గంటసేపు యుద్ధం చేసింది ఆ ఈమెయిల్‌లో లేని దానితో.

బయట నీళ్ళ ఫిల్టరు దగ్గర ఆ అమ్మాయి సీసా నింపుకుంటోంది. నన్ను చూసి పక్కకు జరిగింది.

"రాహుకాలం మీద బాగా మాట్లాడినారు సార్. మా నాయనకు గూడా చెప్తా," అంది. సీసా మూత బిగించింది. "ఇంగ పట్టిక మీద మాట్లాడండి."

వెళ్ళిపోయింది. టెక్నీషియన్ వచ్చి నన్ను గేటు బయటి టీకొట్టుకు తీసుకుపోయాడు. బస్సులో మాట్లాడని మనిషి ఆ రోజు మాట్లాడాడు.

"అన్నా, నువ్వు కోపం చేసుకోవద్దు. మేనేజరు ఉండాడే, ఆయప్ప నిమ్మకాయ కట్టినాడు. అది తప్పే అనుకుందాం. ఆ పాప కాగితం తెచ్చినప్పుడు నువ్వేం చూపించినావు? సముద్రం చూపించినావు. ఆయప్ప పంచాంగం తెరిచినట్ల."

"నాది అనుభవం అబ్బా. పంచాంగం కాదు."

"కావచ్చులే అన్నా. కానీ ఎవురూ ఎదురడగగూడదు అంటాండావు కదా. ఆయప్పా అదే అంటాండాడు."

టీ చల్లారిపోయింది. హేతువాదం గురించి నాకు అంత తేలిగ్గా పాఠం చెప్పిన మనిషి, రోజూ నా పక్కన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నవాడు. ఆ పాతికేళ్ళ అమ్మాయి నా ముందు పెట్టింది రుజువు. నేను ఆమె ముందు పెట్టింది నా వయసు. ఏ సభలోనైనా ఎదుటి పక్షం వాడు ఈ పని చేసి ఉంటే చీల్చి చెండాడేవాణ్ణి.

మూడింటికి అధికారులు వచ్చారు. మేనేజర్ ఆలస్యం సంగతి ఎత్తుకోబోయాడు. నేను లేచి నిలబడ్డాను.

"ఆ పట్టిక రాసింది నేను. తప్పు అందులోనే ఉంది. ఈమె రెండు వారాల కిందటే చూపించింది. సరైన ప్రోగ్రాం కూడా రాసి పెట్టుకుంది. నేను వద్దన్నాను. ఈమె తెల్లవారుజామునే వచ్చి కూర్చున్నా ఓడ మునిగేదే."

మేనేజర్ నా వైపు చూసిన చూపు నిమ్మకాయకు కూడా తగలకూడదు.

పెద్దాయన అడిగాడు. "మీరు ఏ ఓడల్లో చేశారు?"

చెప్పాను.

"వాటిల్లో వెతికే రాడార్ వేరేగా ఉండేది కదండీ. మీరు దేన్ని వెంటాడినా అది దాని పాటికి అది తిరుగుతూనే ఉండేది."

ఇరవై రెండేళ్ళూ నేను ధైర్యంగా తూర్పు చూస్తూ కూర్చున్నది, నా నెత్తిన ఇంకొకటి తిరుగుతూ పడమర కాపలా కాస్తున్నందుకు. దాన్ని నేనెప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు. ఇప్పుడు ఉన్నది ఒకే కన్ను. దానికి నేను పాత పట్టిక రాసిచ్చాను. నాయన గొర్రె కాలిలో ముల్లు తీస్తూ కూడా నిమిషానికోసారి తలెత్తి గుట్ట వైపు చూసేవాడు. ఎందుకని నేను ఎప్పుడూ అడగలేదు.

ఆ అమ్మాయి తన కాగితం పెద్దాయన ముందు పెట్టింది. ప్యాసింజర్ బండి సంగతి చెప్పింది. ఆయన నవ్వలేదు. పది రోజుల తర్వాత మళ్ళీ వస్తామన్నాడు. నేను జరిగిందంతా రాసి, సంతకం పెట్టి, మేనేజర్‌కు ఒక కాపీ, హెడ్డాఫీసుకు ఒక కాపీ ఇచ్చాను. మేనేజర్ తన ఈమెయిల్ చెరిపేశాడు.

రెండో పరీక్ష ముందు రోజు పూర్తి లోడుతో మూడుసార్లు నడిపారు. పరీక్షలో తూర్పున పన్నెండు లేచాయి, పడమర నుంచి ఒకటి నీళ్ళకు ఆనుకుని వచ్చింది. పడమర వంతు వరుసలు ఎక్కుతూ ఎక్కుతూ పైకి వచ్చింది, సరైన సమయానికి రాడార్ అటు చూసి దాన్ని పట్టుకుంది. తూర్పున రెండు గుర్తులు కాస్త తడబడి మళ్ళీ సర్దుకున్నాయి. ఆ మాత్రం ఖర్చు ఫర్వాలేదని పెద్దాయన సంతకం పెట్టాడు.

మేనేజర్ ఉబ్బితబ్బిబ్బై నా భుజం మీద చెయ్యి వేశాడు. "చూసినారా సార్? ఈ తూరి టైం చూసి పెట్టినా. ఎట్లుండాది?"

నా నోట్లో కనీసం పది ప్రశ్నలు కదిలాయి. అమ్మాయి నా వైపు చూస్తోంది. పళ్ళు బిగబట్టి, "బాగుండాది" అన్నాను. నా జీవితంలో నేను చెప్పిన పెద్ద అబద్ధాల్లో అది ఒకటి.

ఆమె ఉద్యోగం నిలిచింది. నా సలహాలు ఇక అవసరం లేదని మర్యాదగా ఉత్తరం వచ్చింది. ఆ ఉత్తరం న్యాయమైనదే. టెక్నీషియన్ పక్కన బస్సులో ఇప్పుడు ఎవరు కూర్చుంటున్నారో తెలియదు. వాళ్ళు తక్కువ మాట్లాడేవాళ్ళయితే బాగుండు.

ఈ మధ్య ధర్మవరంలో కాలేజీ పిల్లలు నన్ను ఉపన్యాసానికి పిలిచారు. మూఢనమ్మకాల మీద మాట్లాడమన్నారు. హిందూపురంలో ప్యాసింజర్ ఎక్కాను. పెనుకొండ దాటిన తర్వాత బండిని లూపులో పెట్టారు. ఒక ఎక్స్‌ప్రెస్ పోయింది. ఇంకొకటి పోయింది. తర్వాత తీరిగ్గా ఒక గూడ్సు. నేను గంటన్నర ఆలస్యంగా సభకు చేరాను. సగం మంది లేచిపోయారు. ఆ సభ కార్యదర్శి, చొక్కా బాగా ఇస్త్రీ చేసుకున్న కుర్రవాడు, గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

"ఏం సార్, పెద్దోళ్ళు మీరే ఇట్ల చేస్తే ఎట్ల? ముందు బండికి రావాల కదా."

"దీనికంటే ముందు బండి లేదప్పా," అన్నాను.